తెలుగులో అసమానతల పాఠం

చిలకలగూడలోని ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. నేను పీహెచ్‌డీ చేసింది చదువులో అసమానతల మీద, చెప్పే పేపరూ దాని మీదే. ఈ విషయంలో నాకు తెలియనిది లేదని కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒక శుక్రవారం మా ఫస్టియర్ అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. వాళ్ళమ్మ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు ఏరి బస్తాల్లో నింపుతుంది. ఈ పిల్ల ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడికొచ్చాక అంతా ఇంగ్లీషే.

"మేడం, సోమవారం సంది నేను రాను. అమ్మతోటి మార్కెట్‌కు పోత."

"ఏమైందమ్మా?"

"ఏం సమజైతలేదు మేడం. మీరు చెప్పే పాఠం మా అసొంటోళ్ళ గురించేనంట గదా. పక్కపిల్ల చెప్పింది."

సిగ్గుతో చచ్చిపోయాను. దీపం కింద చీకటంటే ఇదే. పేదింటి పిల్లలు చదువెందుకు మానేస్తారో ఏళ్ళ తరబడి పరిశోధించి అంత లావు థీసిస్ రాసినదాన్ని. నా క్లాసులోంచే ఒక పిల్ల మానేస్తోంది.

"సోమవారం ఎనిమిదింటికి రా. ముందు తెలుగులో చెబుతాను. అప్పటికీ అర్థం కాకపోతే మార్కెట్ దాకా నేనే దింపుతా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వస్తాననీ అనలేదు.

మా హెచ్‌ఓడీ సార్‌కి చెబితే తల పట్టుకున్నారు.

"ఎందుకు మేడం ఈ పరేషాన్? మనది ఇంగ్లీష్ మీడియం. పైనోళ్ళకు తెలిస్తే నాకు తక్లీఫ్. మీది కాంట్రాక్ట్ పోస్టు, రెన్యూవల్ ఈ నెలలనే ఉంది. జెర చూస్కోండ్రి."

భయం వేసింది, అబద్ధమెందుకు. నా జీతంతోనే ఇల్లు నడుస్తోంది. కానీ భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. "క్లాసులు మొదలయ్యేలోపే చెప్పుకుంటాను సార్. గది ఒక్కటి ఇప్పించండి, చాలు" అన్నాను. గొణుక్కుంటూనే ఇప్పించారు.

శనాదివారాలు నా సొంత థీసిస్ ముందేసుకుని తెలుగులో పాఠం రాశాను. ఇంగ్లీషులో మహా గంభీరంగా కనిపించిన వాక్యాలు తెలుగులోకి వచ్చేసరికి సగం గాలే. ఆ గాలంతా తీసేశాను.

సోమవారం లాలాగూడలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళేసరికి ఆ అమ్మాయి గది బయట నిలబడి ఉంది. పక్కన ఇంకో ఇద్దరు. వాళ్ళను నేను క్లాసులో ఎప్పుడూ చూడలేదు.

"వీళ్ళు పోయినేడే బంద్ చేసిన్రు మేడం. కాలేజీల ఇప్పుడు పేర్లు సుత లేవు. కూసోవచ్చా?"

పేర్లు లేనివాళ్ళను కూర్చోబెడితే సార్ ఏమంటారో తెలుసు. నా రెన్యూవల్ ఏమవుతుందో కూడా తెలుసు.

"కూర్చోండమ్మా. తలుపు మాత్రం వెయ్యకండి, ఇంకెవరైనా వస్తారేమో" అన్నాను.