సెంబావాంగ్ బంగళా ముందు నేను చెప్పిన దెయ్యం కథ

పోయిన ఏడాది ఆఫీసు పని మీద ఇంగ్లండు ఉత్తరభాగానికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. ఊరి బయట ఉన్న పాత జమీందారీ భవనం ఒకటి చూడడానికి వెళ్ళాను. భర్త చేతిలో అన్యాయమైపోయి మెట్ల మీద బూడిదరంగు గౌనులో తిరిగే దొరసాని, పక్కనే శిథిలమైన మఠంలో రాత్రిళ్ళు జపం చేసే సన్యాసి, ఆ వెనక చెట్టన్నది లేని బీడుభూముల్లో మంచు కమ్మినప్పుడు ఎదురయ్యే నల్లకుక్క. గైడుగా వచ్చిన పెద్దావిడ ఈ కథలన్నీ ఎంత నమ్మకంగా చెప్పిందంటే, పట్టపగలే నా ఒళ్ళు గగుర్పొడిచింది. సింగపూర్ తిరిగి వచ్చాక కూడా ఆ రుచి వదల్లేదు. ఇక్కడా బ్రిటిషువాళ్ళు కట్టిన ఇళ్ళున్నాయి కదా, మన తెలుగువాళ్ళను పోగుచేసి అలాంటి నడక నేనే ఒకటి పెడితే బాగుంటుందనిపించింది. మీలో ఎవరైనా ఆ దారిన వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని వివరాలు రాస్తున్నాను. వాటితో పాటు నేను సిగ్గుపడుతున్న సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ఉత్తరాన సెంబావాంగ్‌లో ఒకప్పటి నౌకాస్థావరం అధికారుల కోసం కట్టిన నలుపు తెలుపు బంగళాలు ఇంకా ఉన్నాయి. నడకకు వారం ముందు ట్యాక్సీలో వెళ్ళి చూసి వచ్చాను. దెయ్యాలేమైనా ఉన్నాయా అని డ్రైవర్‌ని అడిగితే ఆయన నవ్వి, "దెయ్యం నో లా. లాస్ట్ టైమ్ అమా స్టే బిహైండ్, స్మాల్ రూమ్" అన్నాడు. దెయ్యం అన్న మాట అప్పటికే నేను ఆయనకు నేర్పేశాను. దొరల పిల్లల్ని చూసుకునే ఆయాను ఇక్కడ అమా అంటారు; ఒకప్పుడు వాళ్ళు వెనక చిన్న గదుల్లో ఉండేవారట. నాకు ఆ ఒక్క ముక్క చాలింది. ఇంగ్లండు దొరసాని దెయ్యానికి గౌను విప్పి తెల్లచీర కట్టాను. ఆయా ఏమరుపాటు వల్ల దొర బిడ్డ సముద్రంలో మునిగిపోయిందనీ, ఆ పాపం మోయలేక ఆయా కూడా నీళ్ళలో దిగిందనీ, ఇప్పటికీ వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తుందనీ అల్లాను.

శనివారం ఉదయం ఎనిమిదికి బుకిట్ బటోక్‌లో రైలెక్కాను. జురాంగ్ ఈస్ట్ నుంచి వచ్చే ఎర్ర లైను అది, ఎక్కడా మారక్కర్లేదు. ముప్పావుగంటలోపే సెంబావాంగ్, టికెట్టు రెండు డాలర్లు అటూ ఇటూ. స్టేషన్ దగ్గర ఎనిమిది మందిమి కలిశాం. వుడ్‌ల్యాండ్స్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు స్వప్న, కూతురితో పాటు పక్క ఫ్లాట్ ఆంటీని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మలేషియాలో పుట్టిన తెలుగావిడ. "ఆ ఏపు సూసి సానా ఏళ్ళయిపోనాదమ్మా, నడుస్తాను, పరవాలేదు" అంది నాతో.

పార్కు వైపు వెళ్ళే బస్సులో పది నిమిషాలు, దిగాక చెట్ల నీడన పావుగంట నడక. తొమ్మిదిన్నరకే చెమటలు పట్టాయి. ఆ ఇళ్ళలో అద్దెకు ఉంటున్నవాళ్ళున్నారు కాబట్టి రోడ్డు మీదే నిలబడి, ఒక బంగళా చూపించి కథ మొదలుపెట్టాను. గొంతు తగ్గించి, ఆగి ఆగి చెప్పాను. పిల్లలు తల్లుల చేతులు పట్టుకున్నారు. స్వప్న కూతురు "సో స్కేరీ లా ఆంటీ!" అంటుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ ఊపులో, ముందు అనుకోని మాట ఇంకొకటి కలిపాను.

"ఆ ఆయా మన తెలుగావిడేనట."

స్వప్నతో వచ్చిన పెద్దావిడ ముందుకొచ్చింది. "ఈ వరసలో తెలుగు అమా ఒక్కర్తే ఉండీదమ్మా. మాయమ్మ. ఆ ఎనకాల గదిలోనే నాను పెరిగాను. ఈ కత నీకెవులు సెప్పారు?"

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. అందరూ నా వైపే చూస్తున్నారు. "ఇక్కడి పాతవాళ్ళు చెప్పుకుంటారు ఆంటీ" అన్నాను.

ఆవిడ నమ్మింది. మళ్ళీ బస్‌స్టాపు దాకా అందరికన్నా ముందు నడిచింది. పదకొండుకు మార్కెట్ దగ్గర కాఫీషాపులో కూర్చున్నాం. పరోటా కాలుస్తున్న తమిళ పెద్దాయన దగ్గరికి ఆవిడ లేచి వెళ్ళి, బంగళా ఆయా గురించి ఇక్కడ జనం ఏమనుకుంటారని తమిళంలో అడిగింది. చిన్నప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను, అలాంటిదేదీ వినలేదని ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ పక్క బల్ల దగ్గర ఉన్న ముసలాయన వైపు తిరిగింది. ఆయన్నీ అడగబోతోంది. ఈ ఊళ్ళో ఒక్కొక్కరినీ పట్టుకుని తల్లి తరఫున చెప్పుకోవడానికి సిద్ధపడిందని అప్పుడు అర్థమైంది. ఇంక కూర్చోలేకపోయాను.

"ఆంటీ, ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను" అన్నాను.

ఆవిడ తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "దొర బిడ్డకి ఏటీ కాలేదు. ఓడెక్కి ఎల్లిపోనాది. సచ్చిపోనాది నా సెల్లి. జొరంతో ఆ గదిలోనే. ఆ రేతిరి దొర ఇంట్లో ఇందు బోజనాలు, అమ్మని గదికి ఒగ్గలేదు. తను బతికినన్నాళ్ళూ ఒకే మాట, నాను సూసుకోలేదు, నాను సూసుకోలేదు అని. నువ్వూ అదే అన్నావు."

క్షమించండి అన్నాను. పిల్లలతో సహా అందరి ముందూ నిలబడి, చెప్పిందంతా అబద్ధమని చెప్పాను. "సో యు బ్లఫ్ అస్ ఆ?" అంది స్వప్న కూతురు. "అవును" అన్నాను. తిరుగు రైల్లో పెద్దావిడ వుడ్‌ల్యాండ్స్‌లో దిగుతూ నా వైపు చూడలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసి, "కూకో" అంది. టీ పెట్టి ఇచ్చింది. జరిగింది నా బ్లాగులో రాసి నా తప్పు ఒప్పుకుంటానని, తల్లి పేరు రాయమంటారా అని అడిగాను. "రాసుకో. పేరు మాత్తరం ఎయ్యకు. పేరేస్తే రేపు ఇంకెవులో మాయమ్మని దెయ్యాన్ని సేస్తారు" అంది.

ఇంగ్లండు కథలో అన్యాయమైపోయింది దొరసాని, జాలి ఆమెకే. నేను కథ కట్టినప్పుడు తప్పంతా పనిమనిషి మీదికి ఎందుకు తోశానో ఎంత ఆలోచించినా నాకు మంచి జవాబు దొరకడం లేదు. దెయ్యాలంటే భయం లేనిదాన్ని. ఆ రోజు కాఫీషాపులో ఒక కూతురు తల్లి మంచితనానికి సాక్ష్యం వెతుక్కుంటూ బల్ల బల్లకూ తిరగబోవడం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ తలెత్తలేను. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఎండ ముదరకముందే, తొమ్మిదిలోపే చేరుకోండి, మీతో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఆ ఇళ్ళ ముందు మొదటి మాట వాళ్ళనే మాట్లాడనివ్వండి.