వదిన రెండో వైవా

ఆమెను డిపార్ట్‌మెంటంతా వదిన అనేవాళ్లం. కూతురు బడికి వెళ్లడం మొదలుపెట్టాక పీహెచ్‌డీలో చేరిన మనిషి. మాకంటే పెద్దది, మా అందరికంటే బాగా చదివేది. నన్ను "మరిదిగారూ" అని ఆటపట్టించేది. అలాంటిది, డిఫరెన్షియల్ జామెట్రీ అర్హత పరీక్ష ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే సీటు పోతుంది. మూడో అవకాశం లేదు.

ఎందుకు తప్పిందో కళ్లారా చూశాను. మా దగ్గర ఈ పరీక్షను వైవాగా పెడతారు, తోటి విద్యార్థులు వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. ఆ రోజు పెద్ద ప్రొఫెసర్ "ప్రతి మేనిఫోల్డ్ మీదా దూరాలు కొలవడానికి రీమన్ మెట్రిక్ ఉంటుందా?" అని అడిగారు. మేనిఫోల్డ్ అంటే, భూమి ఉపరితలంలా, దగ్గర్నుంచి చూస్తే చదునుగా కనిపించే ఆకారం. ఉంటుంది అంది. సరైన జవాబే. ఆయన కనుబొమలు ముడిచారు. అంతే, మనిషి నీరుగారిపోయింది. "అంటే... కాంపాక్ట్ అయితేనే సార్" అని లేనిపోని షరతు తగిలించి, దాన్ని నిలబెట్టలేక నానా తంటాలు పడి మునిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత తెలిసినదానికి ఆ మొహాలు చూసే రోగమేమిటి!

వాళ్లింట్లో ప్రాక్టీసు వైవా పెట్టినా అదే వరస. బోర్డు మీద ఒక లైను రాయడం, వెనక్కి తిరిగి నా మొహం చూడటం. నాకేమో లోపల ఏముంటే బయట అదే కనిపించేస్తుంది. సగం ప్రూఫు నా కళ్లలో చూసే లాగించేది.

"నువ్వు పనికిరావు మరిదీ. మా అత్తగారిని కూర్చోబెడదాం" అంది చివరికి.

అత్తగారు పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. లెక్కలంటే ఆమడదూరం.

"నన్నేం చెయ్యమంటావే?"

"నేనేం చెప్పినా మూతి ముడుచుకోండి అత్తయ్యా. మాటమాటకీ నిజంగానా అనండి."

"అర్థంకానిదానికి తలూపమంటే నా వల్ల కాదుగానీ, మూతి ముడుచుకోమంటే ఎంతసేపైనా కూర్చుంటా."

"ఆ సంగతి మాకు తెలుసులెండి" అంది వదిన. పెద్దావిడ ఫక్కున నవ్వి, వెంటనే సర్దుకుని కుర్చీలో బిగుసుకు కూర్చుంది.

మొదట్లో వదిన ఆవిడ మొహానికీ బెదిరింది. "నిజంగానా?" అనగానే డస్టర్ అందుకునేది. ఒకరోజు పెద్దావిడకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏమే, ఇందాక ఒప్పన్నావు, ఇప్పుడు తుడుస్తున్నావు. నాకేం తెలుసని నా మాట పట్టుకుని తుడుస్తావు?"

వదిన డస్టర్ కింద పెట్టేసింది. ఆ తర్వాత తుడవడం తగ్గింది.

రెండో వైవాకు మళ్లీ పెద్ద ప్రొఫెసరే వచ్చారు.

"ఏ మేనిఫోల్డైనా తీసుకోండి. దాని టాంజెంట్ బండిల్ ఓరియంటబులేనా?"

టాంజెంట్ బండిల్ అంటే ప్రతి బిందువు దగ్గరా దాన్ని తాకుతూ వెళ్లే దిశలన్నీ కలిపి కట్టిన ఇంకో పెద్ద మేనిఫోల్డ్. ఓరియంటబుల్ అంటే కుడిఎడమలు ఎక్కడా తారుమారు కాకుండా అంతటా నిలబెట్టగలగడం. ఒక మెలిక తిప్పి అతికించిన కాగితం పట్టీకి, అంటే మోబియస్ పట్టీకి, అది కుదరదు.

"అవును సార్, ఎప్పుడూ."

కనుబొమలు ముడిపడ్డాయి. "మోబియస్ పట్టీ తీసుకున్నా?"

"తీసుకున్నా అంతే." చార్టులు, అంటే మేనిఫోల్డ్‌ను ముక్కలుగా చూపే పటాలు, మారేటప్పుడు వచ్చే మాట్రిక్సు రాసింది. ఒకే బ్లాకు రెండుసార్లు వచ్చింది. "డిటర్మినెంట్ ఒక వర్గం సార్. కింద పట్టీలో గుర్తు తిరగబడితే ఇక్కడ రెండుసార్లు తిరగబడి మళ్లీ ప్లస్సే అవుతుంది."

ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. "కాంపాక్ట్ కాకపోతే?"

కిందటిసారి వదినను ముంచిన మాటే.

"కాంపాక్ట్‌తో దీనికి పనే లేదు సార్. మీరు మొహం ఎలా పెట్టినా లేదు."

ఆయన కళ్లజోడు తీశారు.

"నా మొహానిదేముందమ్మా, ఆలోచిస్తే ఇలాగే అవుతుంది. కిందటిసారి కూడా మీ మొదటి జవాబుకు మార్కులు వేయబోయాను. ఈలోగా మీరే వెనక్కి తీసుకున్నారు."

పాసైనట్టు అక్కడే చెప్పేశారు. బయటికొచ్చాక అందరం చుట్టుముట్టాం. వదిన మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"అదేంటి వదినా, పాసయ్యావుగా!"

"ఏడాది పోయింది మరిదీ. అప్పుడు ఒక్కరు కూడా నన్ను తప్పనలేదయ్యా. నేనే అనుకున్నాను."