అంతమ్మ కట్టుడు పండ్లు

2007లో జన్వాడలోని ఒక ఫాంహౌస్ వరండాలో ఆదివారాలు బొమ్మల క్లాసు నడిచేది. నేర్చుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నేర్పేది కాశీనాథ్, చేవెళ్ల బట్టల దుకాణం వాళ్లబ్బాయి, చిత్రకళలో డిగ్రీ చేసినవాడు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించడం ఆయన పద్ధతి. "కండ్లకు కనబడ్డదే గీయాలె, మనసులున్నది గాదు" అని గంటకోసారి చెప్పేవాడు. మంచి మాటే. దానిమీద ఆయనే నిలబడలేదు.

ఎదురుగా కూర్చునేది ఎంకపల్లి అంతమ్మ. యాభై ఎనిమిదేళ్లు. ఊరి బడిలో నూట ఇరవై మంది పిల్లలకు మధ్యాహ్నం వండిపెడుతుంది. అంతకుముందు కూర్చోబెట్టినవాళ్లు పది నిమిషాలకే కదిలిపోయేవారు. అంతమ్మ నలభై నిమిషాలైనా రెప్ప తప్ప ఏదీ కదిలించేది కాదు. ఎట్లా అని క్లాసులో హర్షిత అనే అమ్మాయి అడిగింది.

"అన్నం ఉడుకుతాంటే పొయ్యి కాడ్నే కూసుంట గద బిడ్డా. లేస్తే మాడుతది."

మొదటి రోజే కాశీనాథ్ ఆమె మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఆ పండ్లు జర తీసి పక్కకు పెట్టు అంతమ్మా. క్యారెక్టర్ వస్తలేదు."

అవి కట్టుడు పండ్లు. కొడుకు ధనరాజ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబు నడపడం మొదలుపెట్టిన ఏడాది చేయించినవి. అంతమ్మ తీసి కొంగున ముడేసుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. పన్నెండు పెన్సిళ్లు ఒక్కసారిగా హుషారయ్యాయి. కనబడ్డదే గీయమన్న గురువు కనబడేదాన్ని ముందే తీయించాడు. పేదరికం చాలలేదని మనిషి నోట్లోంచి పండ్లు తీయించడాన్ని ఇక్కడ కళ అన్నారు.

నాలుగు నెలలకు గండిపేటలో ప్రదర్శన పెట్టారు. దాని ఆహ్వానపత్రం ఒకటి ఎవరో ధనరాజ్ క్యాబులో వెనక సీటు మీద మరిచిపోయారు. దానిమీద తల్లి మొహం, కింద పెద్ద అక్షరాల్లో "ఆకలి".

"ఏందవ్వా ఇది?" అన్నాడు ఇంటికొచ్చి. "నేను నిన్ను ఉపాసముంచుతున్ననా? ఊర్ల మొహం ఎట్ల చూపియ్యాలె?"

తనను గీసినందుకు అంతమ్మకు బాధ లేదు. కొడుకును తల్లికి తిండి పెట్టనివాడిగా నిలబెట్టినందుకు కడుపు మండింది. ఆ పేరు పోవాలి. ప్రదర్శన రోజు పండ్లు పెట్టుకుని, కొడుకు క్యాబులోనే వెళ్లి దిగింది.

పటం ముందు ఒకావిడ నిట్టూరుస్తోంది. "పాపం, తిని ఎన్ని రోజులైందో."

"పొద్దుగాల్నే తిన్న," అంది అంతమ్మ వెనకనుంచి. "జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర."

కాశీనాథ్ గబగబా వచ్చాడు. "అంతమ్మా, ఇది నీ ఒక్కదాని బొమ్మ గాదు. మొత్తం పల్లె బాధ."

"అయితే పల్లెను కూసోబెట్టుకోకపోయినవా సారూ? కూసున్నది నేను. నూట ఇరవై మందికి వండేదాని కింద ఆకలని రాస్తవా?"

"కళ నీకు సమజ్ గాదు."

"పండ్లు తియ్యమన్నది నువ్వే గద. గదైతే సమజైంది."

ఆ బొమ్మ హర్షిత గీసింది. ఆమె వచ్చి పేరున్న చీటీ ఊడబీకి పిడికిట్లో నలిపేసింది. "వేరే పేరు పెడతా ఆంటీ."

"పేరు మారిస్తే బుగ్గలొస్తయా? మల్ల గీయి."

అంతమ్మ కుర్చీ ఒకటి కిటికీ దగ్గరికి లాక్కుని, క్లాసులో లాగే ఎడమ భుజం వెలుతురు వైపు పెట్టి కూర్చుంది. హర్షిత సంచిలోంచి కాగితాలు తీసింది. ఇంకా ఏదో చెప్పబోతూ కాశీనాథ్ ఇద్దరి మధ్యకు వచ్చాడు.

"జర పక్కకు జరుగు సారూ," అంది అంతమ్మ, పెదవులు కదలీ కదలకుండా. "నీ నీడ నా మొహం మీద పడుతున్నది."