మా మరిది వద్దన్న మాత్ర

మా మరిది పోయినాడు. ఇయ్యాలికి పదైదు దినాలు. దగ్గు పట్టుకొని, నెమ్ము చేసి, మూడు దినాల్లో అయిపోయినాడు. మాత్రలకూ చావుకూ సంబంధం లేదమ్మా అని డాక్టరు చెప్పినాడు. నమ్ముతాను. అయినా మనసు కుదుటపడక ఈ నాలుగు మాటలు రాస్తాండాను.

నా మొగుడు పోయినంక పొయ్యిలోకి కట్టె లేని దినం నాకు రానీలేదు ఆయప్ప. గొర్రెలు కాసినోడు. ముసలితనాన మందను కొడుకే మేతకు తోలుకొని పోతాన్నా, సాయంత్రం గొర్రెపిల్లల్ని తల్లులకు వదిలే పని ఎవరికీ ఇయ్యలేదు. లేత పిల్లలు దినమంతా దొడ్డిలోనే ఉంటాయి. మంద రాగానే ఒక్కొక్కదాన్ని ఎత్తుకొని దాని తల్లి దగ్గరే వదలల్ల. వేరే గొర్రె అయితే తంతాది. వానల్లేక, మేత లేక తల్లులకే పాలు తక్కువ. ఒక పూట తప్పితే పిల్ల వాలిపోతాది. నాకన్నీ ఒకే మొఖాలు. "మొఖం కాదు వదినా, అరుపు విను," అనేవాడు.

చెయ్యి వణికేది మొదలైతే పార్కిన్సన్స్ అన్నారు. నేను ఏడిస్తే ఆయప్ప నవ్వినాడు. "పెరుగు చెంబు నా చేతికియ్యి, కవ్వం లేకుండా మజ్జిగ చేసిస్తా." పిల్లల్ని ఎత్తేటప్పుడు మాత్రం గుండెకు అదుముకొనేవాడు. ఒక్కటీ జారలేదు.

పామిడిలో పెండ్లికి పోతే చారు చొక్కా మీద ఒలికింది. "ఏమప్పా, పొద్దున్నే ఏసుకొచ్చినావా?" అన్నాడొకడు. "నీకు మిగల్చలేదులే," అన్నాడు మరిది. అందరూ నవ్వినారు. నాకే అన్నం దిగలేదు.

అనంతపురంలో డాక్టరు ఆయప్పనే అడిగినాడు. "వణుకు తగ్గేదానికి ఇంకో మాత్ర ఉంది పెద్దాయనా. ఈ వయసులో దాంతో కొందరికి తికమక, మతిమరుపు వస్తాయి. ఏం చేద్దాం?"

అప్పటికే గొంతు సన్నబడింది ఆయప్పకు. "చెయ్యి ఆడితే ఆడనీ సార్. తల బాగుండల్ల. సాయంత్రం..." అని మాట కూడదీసుకుంటాండాడు. నేను ఆగలేదు. "మొహమాటానికి అంటాడు సామీ, వణుకు నిలిచేదే రాయండి." మరిది నాపక్క చూసినాడు. డాక్టరు ఆ మాత్రే రాసినాడు.

కొన్నాళ్లకు చేతులు నిలిచినాయి. నిండు గ్లాసు టీ ఒలక్కుండా తాగితే నాకు పండగే. ఆ పక్కవారమే పిల్లల్ని తల్లులు మార్చి వదిలేది మొదలైంది.

"వదినా, ఆ మాత్ర వద్దు. డాక్టరు దగ్గరికి పోదాం."

"చేతులు నిలిచినాయి కదప్పా, ఇంకొన్ని దినాలు చూద్దాం."

మళ్లా వణుకుతాడేమో, మళ్లా ఎవరన్నా నవ్వుతారేమో అని నా భయం. పొద్దున్నే నేనే నోట్లో వేసి నీళ్లిచ్చేదాన్ని. నా మాటకు ఎదురు చెప్పలేక మింగేవాడు. మీ ఇండ్లల్లో ఇట్లాంటి మనిషుంటే, డాక్టరు అడిగినప్పుడు ఆ మనిషినే చెప్పనీయండి.

దగ్గు పట్టే ముందుదినం చూసినాను. పొద్దు మునుగుతాండాది. ఒక పిల్లనెత్తుకొని మంద నడుమ నిలబడినాడు. ఒక గొర్రె దగ్గర దించినాడు, తన్నింది. ఇంకొకదాని దగ్గర దించినాడు, అదీ తన్నింది. మళ్లా ఎత్తుకొని ఆ గొర్రె పక్క, ఈ గొర్రె పక్క చూస్తాండాడు. పిల్ల ఆకలికి అరుస్తాండాది. చేతులు రవ్వంత కూడా వణకలేదు.