ఆళ్లగడ్డలో వదిలిన టోపీ

ఆళ్లగడ్డ శిల్పి అమ్మవారి విగ్రహానికి కళ్లు చెక్కే నా వీడియో కింద "శిల్పి అనుమతితో" అని రాశాను. అది అబద్ధం. ఇవాళ దాన్ని తీసేశాను.

నంద్యాల నుంచి వెళ్లిన నన్ను ఆయన ఆదరంగానే కూర్చోబెట్టాడు. కళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం, "కండ్లు తెరిసేటప్పుడు ఈడ ఎవరూ ఉండకూడదన్నా. బయటికి పో, టీ తాగుతుండు," అన్నాడు.

కెమెరా తగిలించిన టోపీని మరిచిపోయినట్టు రాళ్ల మీదే వదిలి బయటికొచ్చాను. టీ తాగుతూ ఫోన్‌లో ఆ కెమెరా యాప్ తెరిచి రికార్డింగ్ నొక్కాను. అమ్మవారి కళ్లు తెరుచుకోవడం అంతా చూశాను.

పని కాగానే ఆయనే టోపీ తెచ్చాడు. "మరిచిపోతివే! ఎండకు నెత్తి మాడిపోదా?" అంటూ నవ్వుతూ అందించబోయాడు. టోపీ కెమెరా నా వైపు తిరగగానే నా చేతిలోని ఫోన్ తెర మీద నా మొహమే కనిపించింది. ఆయనా చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అయితే నువ్వు బయటికి పోనేలేదు కదన్నా," అన్నాడు.