గోదాము గోడ కింద బీడీల చాటలు

బోధన్‌ల మా గల్లీకి ఒక దిక్కు ఇండ్లు, ఇంకో దిక్కు పాత గోదాము గోడ. మనిషి కంటె ఎత్తుంటది, మూల మలుపు నుంచి మెయిన్ రోడ్డు దాక పొడుగుంటది. ఆడపిల్లల కాలేజీకి పోయే అడ్డతోవ గదే. నేను ముందటి అర్రల మిషిన్ ఏసుకొని జాకెట్లు, డ్రెస్సులు కుడుత. తల ఎత్తితే ఆ గోడే కనబడేది.

మొదట దాని మీద బోర్లు ఏసేటోళ్ల నంబర్లు వచ్చినయి. తర్వాత కోచింగ్ సెంటర్లు, మొలల డాక్టరు, ఎలక్షన్లప్పుడు పార్టీల గుర్తులు. ఒకరి రాతను ఇంకొకరు చెరిపి తమది రాసుకునేటోళ్లు. మాకెవరికీ కోపం రాలేదు. గోడ మనది కాదు, మనకెందుకు అనుకున్నం. ఆ రాతల సందులల్ల బొగ్గుతోని, ఇటుక ముక్కతోని పోరగాండ్ల రాతలు మొదలైనయి. ముందు గుండె బొమ్మలు, తర్వాత బూతులు. కాలేజీ పిల్లలు ఆ గోడ దగ్గరికి రాంగనే తల కిందికి ఏసుకొని గబగబా నడిచేటోళ్లు. గదీ మాకు అలవాటైపోయింది.

మా వరుస ఇండ్లల్ల ఆడోళ్లంతా బీడీలు చుడుతరు. పొద్దున ఇంటి పని అయినంక తునికాకు, తంబాకు చాటల పెట్టుకొని గడపల్ల కూసుంటరు. మా పక్కింటామెది మోస్రా దిక్కు పల్లె. చదువు లేదు. మొగడు లారీ మీద పోతే వారాల తరబడి రాడు. ఒక్కతే బిడ్డ, ఇంటర్ చదువుతుండె. నన్ను అక్కా అంటది, నేను చెల్లె అంట.

ఒకనాడు పొద్దుగాల ఆ చెల్లె చాట పట్టుకొని గడపల కూసున్నది కూసున్నట్టే లేచి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, జర ఇటు రా. గా గోడ మీద ఏం రాసిండ్రో సూడు."

"ఏముంటది చెల్లె, ఎప్పటి కథే కదా."

"కాదక్కా. గది నా బిడ్డ పేరు. పుస్తకాల మీద రాసుకుంటది కదా, నేను రోజు సూస్త. నాకు సదువు రాదు గని గా పేరు గుర్తువడతా. పేరు కింద ఏం రాసిండ్రు?"

నేను పోయి చూసిన. నల్ల రంగుతోని, ఇంతింత లావు అక్షరాలు. రెండు లైన్లు చదివిన. ఆమె నా మొఖం దిక్కే చూస్తున్నది.

"చెప్పక్కా."

"చెప్పేది కాదు చెల్లె."

అంతే అన్న. ఆమె ఇంకోసారి అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లకు పోయింది. ఆ పిల్ల అప్పటికే చూసిందట. ఇంట్ల మూలకు కూసొని, "నేను కాలేజీకి పోను" అన్నది. తల్లి ఎంత బతిమిలాడినా లేవలేదు.

నేను ఇంట్ల ఉన్న సున్నం నానబెట్టి పాత గుడ్డతోని ఆ రాత మీద రుద్దిన. మధ్యాహ్నానికి సున్నం ఆరింది, నల్ల రంగు మళ్ల బయటికి కనబడ్డది. రెండో పూత ఏసిన. ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు వచ్చి సాయం పట్టిండ్రు. ఆ వారం లోపటనే పక్కన ఖాళీ జాగల మళ్ల అదే పేరు రాసిండ్రు.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. ఒక్క నేను తుడిస్తే అయ్యే పని కాదు, గోడ మొత్తం మారాలె అనుకున్న. చెల్లెను, ఇంకో ఇద్దరిని ఎంట తీసుకొని గోదాము ఆఫీసుకు పోయిన. అక్కడి గుమాస్తా, "గోడ లోపలి దిక్కే మాది. బయటి దిక్కు రోడ్డు కదా, మున్సిపాలిటీకి పోండ్రి" అన్నడు. మున్సిపాలిటీల అడిగితే, "గోడ గోదామోళ్లది, మేమెట్ల ముట్టుకుంటం" అన్నరు. ఎండల పోవుడు, ఎండల వచ్చుడు. తోడు వచ్చిన ఇద్దరికి ఆ పూట బీడీలు తక్కువైనయి, గంత కూలి పోయింది. అయినా మర్నాడు మళ్ల బయలుదేరిండ్రు.

ఈసారి మున్సిపాలిటీల అర్జీ రాసిచ్చి, పెద్ద సార్‌నే కలుస్తం అని బయట బల్ల మీద కూసున్నం. పిలిచినంక లోపలికి పోతే ఆయన మర్యాదగనే మాట్లాడిండు.

"అర్జీల అసభ్య రాతలు అని రాసిండ్రు. ఏం రాసిండ్రో చెప్పండమ్మా, నోట్ చేసుకుంట."

మేమంతా తల వంచుకున్నం. సార్ పెన్ను పట్టుకొని చూస్తున్నడు. చెల్లె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. నేనే అన్న:

"మేం నోటితోని చెప్పలేం సార్. మీరే వచ్చి సదువుండ్రి. మా పిల్లలు రోజు సదువుకుంట పోతున్నరు, మీరు ఒక్క పారి సదువుండ్రి."

వస్త అన్నడు గని వస్తడన్న నమ్మకం మాకు లేకుండె. సాయంత్రం జీపు మలుపు కాడ ఆగింది. సార్ గోడ పొంటి నడుచుకుంట వచ్చిండు. బోర్ల నంబర్ల కాడ నవ్వు మొఖం ఉండె. ఆ పేరు కాడికి వచ్చినంక ఒక లైను చదివిండు, రెండోది సగం చదివి ఆగిండు. ఎంట వచ్చిన మనిషిని పిలిచి, "గోదామోళ్లకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఎవరి గోడ అనే పంచాయితీ తర్వాత చూద్దం, ముందు సున్నం పంపమను" అన్నడు. మా దిక్కు తిరగకుంటనే, "ఈ పాప ఎవరి బిడ్డమ్మా?" అన్నడు.

"నా బిడ్డ" అన్నది చెల్లె.

తర్వాత పనులు ఒకటొకటి నడిచినయి. గోదామోళ్లు సున్నం పంపిండ్రు, మున్సిపాలిటీ మనుషులు గోడ గీకి పూసిండ్రు. మలుపు కాడ చానా రోజుల నుంచి ఎలగని లైటు బాగు చేసిండ్రు. పోలీసులు వచ్చి రాసుకొని పోయిండ్రు. మేం అడగంది ఒకటి ఆ సారే చేసిండు. గోడ గీకకముందే దాని మీద ఉన్న నంబర్లన్నిటికి ఫోన్లు చేపించిండు. "మీ నంబరు మీరే రాసి పెట్టిండ్రు కదా, జుర్మానా కట్టండ్రి" అన్నరట. ఆ ముచ్చట తెలిసి గల్లీ అంత నవ్వింది. చాన్నాళ్లకు నవ్వినం.

అయితే తెల్లగోడ చూస్తే రాసేటోనికి ఇంకింత చెయ్యి దురద పెడ్తది. అందరం మా ఇంటి ముందట కూసొని ఏం చేద్దమా అని మాట్లాడుకుంటుంటే, గల్లీల అందరికంటె పెద్దామె ఒక అవ్వ ఉన్నది, ఆమె అన్నది:

"మనం ఎట్లైనా పగలంత కూసుండే ఉంటం కదనే. గీ గడపల్ల కూసునే బదులు గా గోడకు ఈపు పెట్టి కూసుందం. ఎవడొచ్చి రాస్తడో సూస్త."

మర్నాటి నుంచి చాటలన్నీ గోడ కిందికి మారినయి. నీడ కోసం నేను పాత చీరెలు కలిపి ఒక పరదా కుట్టి ఇచ్చిన. మొదటి వారం వచ్చిపోయేటోళ్లు వింతగ చూసిండ్రు. తర్వాత అలవాటు పడ్డరు.

ఒక మధ్యాహ్నం మోటర్ సైకిల్ మీద ఒకాయన డబ్బా, బ్రష్షు పట్టుకొని వచ్చిండు. ఏదో కోచింగ్ సెంటర్ పేరు రాయాలెనంట.

"అక్కా, జర జరుగుండ్రి. అయిదు నిమిషాల పని."

"జరగం" అన్నది చెల్లె.

"గోడ మీ సొంతమా?"

"మాది కాదు. నీది కూడ కాదు. గీ తోవల మా పిల్లలు నడుస్తరు."

"నేనేం బూతులు రాస్తలేను కదక్కా. సదువుల గురించే కదా."

"నీది ఒకటి పడ్డదనుకో, దాని పక్కన ఇంకొకటి పడతది. దాని సందుల ఏం పడతదో మేం సూసినం. పో తమ్మీ."

ఆయన కొంచెం సేపు నిలబడి, ఎవరూ లేవకపోయేసరికి బండి మర్లేసుకున్నడు. చెల్లె ఎవరి మీదనన్నా గొంతు పెంచంగ నేను అదే మొదలు చూసుడు.

ఆమె బిడ్డ మాత్రం ఇంకా ఇల్లు దాటలేదు. గోడ తెల్లగైందని చెప్పినా నమ్మలేదు. లెక్చరర్ మేడం వచ్చి పోయింది. స్నేహితురాండ్లు వచ్చి పోయిండ్రు. ఒకనాడు నేను, "నీకు డ్రెస్సు కుట్టిన, కొలత సరిగ ఉన్నదో లేదో చూసుకుందువు రా" అని మా ఇంటికి పిలిచిన. వచ్చింది. నా ముందటి అర్రల నుంచి గోడ మొత్తం కనబడతది. కిటికీల నుంచి చానా సేపు చూసింది.

"పెద్దమ్మా, అమ్మ రోజంతా ఆడనే కూసుంటదా?"

"ఆ. అందరు గాడనే."

"ఎండకు?"

"పరదా ఉన్నది కదా బిడ్డా."

డ్రెస్సు పట్టుకొని ఇంటికి పోయింది. మర్నాడు పుస్తకాలు పట్టుకొని గోడ పొంటి నడిచింది. తల ఎత్తిందని చెప్పను, కిందికే ఏసుకున్నది. తల్లి బీడీ చుట్టుడు ఆపకుంట బిడ్డ మలుపు తిరిగేదాక చూసింది. నెల తిరిగేసరికి పిల్లలు గుంపుగ మాట్లాడుకుంట పోవుడు మొదలైంది.

రాసినోడు ఎవడో ఇప్పటికీ తెలియలేదు. పోలీసులు ఇద్దరు ముగ్గురిని అడిగి వదిలేసిండ్రు. నా దగ్గరికి ప్యాంటు పొట్టి చేయించుకునే పోరగాండ్లు వస్తే, వీడేనా అని ఒక్క క్షణం మొఖం చూస్త. ఆ కోపం పోలేదు. పోతదని కూడ అనుకోను. అప్పుడప్పుడు పండుగలకు, పెండ్లిండ్లకు మేం లేని రోజుల ఏదో ఒక గీత పడతనే ఉన్నది. మున్సిపాలిటీ సార్ ఒక డబ్బా రంగు మా దగ్గర పెట్టి పోయిండు. కాలేజీ టైం కాకముందే తుడిచేస్తం. చదివేటోళ్లు లేకుంటే రాసేటోనికి ఎన్నాళ్లు ఓపిక ఉంటది?

ఆ పిల్ల ఇప్పుడు నిజామాబాద్‌ల డిగ్రీ చదువుతున్నది. బస్సుల పోయి వస్తది. ఒకసారి, "పెద్దమ్మా, మా కాలేజీ వెనక గోడ కూడ అట్లనే ఉంది. మేం పిల్లలందరం సంతకాలు పెట్టి ప్రిన్సిపల్ మేడంకు ఇచ్చినం" అన్నది. ఏమైందని అడిగితే, "ఇంకా ఏం కాలే. మళ్ల ఇస్తం" అన్నది.

నిన్న చక్కెర ఫ్యాక్టరీ దిక్కు గల్లీ నుంచి నలుగురు ఆడోళ్లు మా ఇంటికి వచ్చిండ్రు. వాళ్ల బడి గోడ మీద టీచరమ్మ పేరు రాసిండ్రట. ఎవరిని అడిగినా గోడ మాది కాదంటున్నరట. కండ్లనీళ్లు పెట్టుకున్నరు. చాయ తాగిపిచ్చి, "అర్జీ తర్వాత సంగతి. ముందు సార్‌ను తీసుకొచ్చి చదివిపిద్దం" అన్న. రేపు పొద్దున మున్సిపాలిటీ ఆఫీసు తెరిచే టైంకు గేటు కాడ కలుసుకుంటం. అవ్వ కూడ వస్తనన్నది.