మడకశిరలో జారే అరుగు

బెంగళూరులో పొద్దున ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కి హిందూపురం, అక్కణ్నుంచి బస్సులో మడకశిర. పని చాలా చిన్నది. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ అక్కడ కొత్త దుకాణం కట్టింది. దాని డ్రాయింగులు గీసింది మా ఆఫీసు, అంటే మా ఆఫీసులో నేను. గీసినట్టే కట్టారని చూసి కాగితం మీద సంతకం పెట్టి రావాలి. "పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు" అన్నాడు మా బాసు, నన్నేదో పిక్నిక్కు పంపుతున్నట్టు.

ఈ కంపెనీ దుకాణాలన్నీ ఒకే అచ్చు. ముందంతా నేల నుంచి కప్పు దాకా అద్దం, పైన ఎర్ర బోర్డు, గుమ్మం పక్కన తోపుడుబండ్ల వరస. కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళి దించితే ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పలేం. మడకశిరలో మాత్రం ఆ అచ్చు కుదరలేదు. కంపెనీ కొన్న స్థలంలో మూతపడిన నూనె మిల్లు ఉండేది. మిల్లు ఆగినా దాని ముందున్న పొడవాటి అరుగుకు పని తప్పలేదు. ఏటా విత్తే ముందు నెల రోజులపాటు ఆడవాళ్ళు దాని మీద కూర్చుని విత్తనం చెనిక్కాయలు, అదే వేరుశెనగ, వలిచేవాళ్ళు. నూనెకైతే మిషన్లో వేస్తారు. విత్తనానికి మాత్రం చేత్తోనే వలవాలి, పప్పు పగిలితే మొలక రాదు. పొలాల్లో ఏ పనీ లేని ఆ ఎండాకాలంలో వాళ్ళకు దొరికే కూలి అదొక్కటే. అరుగు పోతే కూలి పోతుందని ఊరు అడ్డం తిరిగింది. అప్పుడు, పోయిన చలికాలంలో, "ఊరికి తగ్గట్టు ప్లాను మార్చి రా" అని నన్ను మొదటిసారి పంపారు.

ఆ రెండు రోజులూ నాకు పాఠం చెప్పింది హనుమక్క. పదిహేను మంది ఆడవాళ్ళ గుంపుకు ఆమె పెద్ద. కాళ్ళు చాపుకుంటే ఎంత వెడల్పు కావాలో కూర్చుని చూపించింది. వీపు ఆనించుకోవడానికి గోడ ఉండాలంది. బండలు గరుగ్గా ఉండాలంది. నేను అన్నీ రాసుకున్నాను, వచ్చి గీశాను. కంపెనీ ఒప్పుకుంది. ఊరూ ఒప్పుకుంది. ఉద్యోగంలో చేరాక నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదేనని ఇంట్లో రెండు మూడు సార్లు చెప్పుకున్నాను కూడా.

రైల్లో నా ఎదుటి సీటాయన ధర్మవరం మగ్గాలాయన, సంచి నిండా పట్టు కండెలు. నా పనేమిటో విని నవ్వాడు. "మా ఊర్లో గూడా ఇట్లాంటి పెద్ద అంగడి పెట్టినారు సార్. ధర్మవరం చీరలని బోర్డు రాసినారు. నేసింది యాడో వాళ్ళకే తెల్ల." నేను అద్దం తీసేసి గోడ, అరుగు పెట్టించిన సంగతి గొప్పగా చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపి, దొడ్డబళ్ళాపురం దాటగానే కళ్ళు మూసుకున్నాడు.

తొమ్మిదింటికల్లా హిందూపురం. స్టేషను బయట బొరుగుల ఉగ్గాణి, బజ్జీ తిన్నాను. వెళ్ళేవాళ్ళు తప్పకుండా తినండి, ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగింది అదొక్కటే. తొమ్మిదిన్నర బస్సులో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు, కండక్టరు రెండూ కలిపి తిట్టాడు. నా పక్కన కంబళి భుజానేసుకున్న గొర్రెల కాపరి కూర్చున్నాడు. దోవలో వానలు ఎలా ఉన్నాయని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "మొన్న నాలుగు చినుకులు రాల్చి పోయింది. దాన్నీ వానంటారా అన్నా?" అన్నాడు. కిటికీ బయట దున్ని వదిలేసిన ఎర్ర చేలు. ఒకటీ రెండూ కాదు, గంట సేపు అవే.

పదిన్నరకు మడకశిర కొండ కనిపించింది, వేడెక్కిన పెనం లాగా. బస్టాండు నుంచి దుకాణం అయిదు నిమిషాల నడక. దూరం నుంచి చూసి ఒక్క క్షణం పొంగిపోయాను. అరుగు ఉంది! పొడవు నేను గీసినంతే, పైన చూరు నేను గీసినంతే. గోడ మీద కొత్తగా పెద్ద రంగుల బొమ్మ, చెనిక్కాయలు వలుస్తున్న ఆడవాళ్ళు. దాని కింద 'మన ఊరు, మన అరుగు' అని రాసి ఉంది. కింద నిజం అరుగు మీద మాత్రం పురుగు కూడా లేదు.

ఎందుకో ఎక్కి కూర్చోబోయాక తెలిసింది. కూర్చున్నాను, జారాను. మళ్ళీ కూర్చుని కాళ్ళు తన్నిపెట్టాను, అయినా జారాను. పది అడుగుల వెడల్పులో గోడ నుంచి రోడ్డు వైపుకు అడుగున్నర వాలు. పైగా నున్నగా పాలిష్ పట్టిన గ్రానైటు.

కంపెనీ సైటు ఇంజనీరు రమేశ్ హిందూపురం మనిషి. అతని మీద ఎగిరిపడ్డాను. జనం కూర్చోకుండా కంపెనీ చేసిన కుట్ర ఇదంటూ నోటికొచ్చినట్టు అన్నాను. అతను లోపలికి పోయి డ్రాయింగు తెచ్చి పరిచాడు. అరుగు దగ్గర చిన్న అక్షరాలు, నా చేతివే: 'వాన నీరు పోవడానికి బయటికి వాలు ఇవ్వాలి.'

"ఎంత వాలో మీరు రాయలేదు సార్. మా కంపెనీ హెడ్డాఫీసును అడిగితిని. వాళ్ళు అడుగున్నర ఏయమన్యారు. మీరు రాసినదాన్నే కదా ఏసింది?"

మాది గోదావరి పక్క. అక్కడ ఏ అరుగుకైనా వాలు లేకపోతే వానకు మడుగు కడుతుంది. చెయ్యి అలవాటున రాసేసింది. వాన కోసం ఊరంతా ఆకాశానికేసి చూసే చోట, వాన నీళ్ళు పోయే దారి గురించి నేను జాగ్రత్త పడ్డాను. అంకె వేయడం మరిచిపోయాను, బండలు గరుగ్గా ఉండాలని రాయడమూ మరిచిపోయాను. కంపెనీకి కావలసింది ఆ ఖాళీలే. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పండి, కాస్త ఊరట పడతాను.

రమేశ్ కాగితం ముందు పెట్టాడు. డ్రాయింగు ప్రకారమే కట్టారు, అందులో అబద్ధం లేదు. సంతకం పెట్టేశాను.

భోజనానికి సందులో ఒక మెస్సుకు పోయాను. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. రుచి తెలియలేదు. తిని బయటికొచ్చేసరికి దుకాణం ముందు హనుమక్క నిలబడి ఉంది, నేను వచ్చానని ఎవరో చెప్పారట. కొంగులో చెనిక్కాయలు.

"బాగుండావా నాయనా?" అంది. తర్వాత కొంగులోని కాయలు అరుగు మీద, గోడ మొదట్లో పోసింది. అవి గలగలమంటూ దొర్లుకుంటూ పోయి రోడ్డు మీద పడ్డాయి. ఒక ఆటో వాటిని తొక్కుకుంటూ పోయింది.

"కాయలే నిలవకుంటే మేమెట్ల నిలుస్తామప్పా? రైతులు మూటలు తెచ్చి దించి చూసినారు. యాడ కూచుంటారు మీరని ఎత్తుకపోయి మిషన్‌కు ఏస్తాండారు. పగిలితే పగిలినాయిలే, ఇంకో మూట ఎక్కువ ఇత్తుకుంటామంటాండారు. మా గుంపులో ఆరు మంది బెంగళూరికి పోయినారు, ఇటికల పనికి." నా మొహంలోకి చూసింది. "ఈ వాలు నువ్వు గీసినావా?"

"లేదక్కా. కంపెనీ ఆఫీసువాళ్ళు మార్చారు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! ఆమె మొహం తేటపడింది.

"నేను అదే చెప్తి వీళ్ళకు. ఆ పిల్లోడు రెండు దినాలు మా పక్కన కూచుని రాసుకున్యాడు, ఇట్ల చేసే మనిషి కాదు అంటి. నువ్వు చెప్తే ఇంటారులే వాళ్ళు. ఇత్తేదానికి ఇంకా నెల ఉండాది. చెప్పు నాయనా."

చెప్తానన్నాను. ఆమె బస్టాండు దాకా నాతో వచ్చింది.

మూడున్నర బస్సు, అయిదింటి రైలు. రైలు కదలగానే కంపెనీ మేనేజరుకు ఫోను చేశాను. ఆయన కోప్పడలేదు, చాలా నెమ్మదిగా విన్నాడు. "సమం చేయించడం పెద్ద పని కాదండీ. వారంలో అయిపోతుంది. మీ డ్రాయింగులో తప్పుందని ఒక్క లైను మెయిల్ పెట్టండి. ఖర్చు మీ ఆఫీసు భరించాలి, అంతే." ఆ లైను వెళితే కంపెనీ పని మా ఆఫీసుకు ఉండదు, ఆఫీసు పని నాకు ఉండదు. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు. ఇదంతా ఆయనకూ తెలుసు, అందుకే అంత నెమ్మది.

గౌరీబిదనూరులో మెయిల్ తెరిచాను. దొడ్డబళ్ళాపురంలో 'తప్పు నాది' అని కొట్టాను. యలహంకలో తుడిచేశాను. ఏడున్నరకు బెంగళూరులో దిగి, అందరితోపాటు మెట్లెక్కి ఇంటికి పోయాను.

మడకశిర వెళ్ళేవాళ్ళు కొండ చూడండి, హిందూపురంలో ఉగ్గాణి తినండి, బస్సుల కోసం ఎక్కువసేపు ఎదురుచూడాల్సిన పని లేదు. హనుమక్క కనిపిస్తే, ఆ వాలు నేనే గీశానని చెప్పండి. ఈ మధ్య అక్కడ విత్తడం అయిపోయిందని విన్నాను. మెయిల్లో ఒక్క లైను రాయలేనివాణ్ని, ఇక్కడ ఇంత పొడుగు రాశాను.